కుడిచెయ్యి ఇంట్లో పెట్టి

అనకాపల్లిలో జనం బ్యాంకుకు వెళ్లేటప్పుడు కుడిచేతిని ఇంట్లో పెట్టి వెళ్తారు. మణికట్టు దగ్గర తిప్పితే ఊడి వస్తుంది. నొప్పి ఉండదు. కొందరు ఫ్రిజ్ మీద పెడతారు. పిల్లలున్న ఇళ్లలో బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

అంతకుముందు పాస్‌బుక్ ప్రింటుకు వెళ్లినవాళ్లు బీమా పాలసీతో బయటికి వచ్చేవారు. లాకరు అడిగినవాళ్లు మ్యూచువల్ ఫండుతో వచ్చేవారు. కొనాలని ఎవరూ అనుకోలేదు. కాగితం మీద పెన్సిలుతో టిక్కులు పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇంకొక్కటి ఇక్కడ" అంటే చెయ్యి సంతకం చేసేసేది. తలకు తర్వాత తెలిసేది.

చేతులు ఇంట్లో పెట్టి రావడాన్ని బ్యాంకు తప్పు పట్టలేదు. చేతులు తెచ్చినవారికి వేరే క్యూ పెట్టింది. అక్కడ కుర్చీలున్నాయి, ఫ్యానుంది, జనం లేరు. పాలసీలు, ఫండ్లు ఎందుకు కొనడం లేదో రాసిమ్మని ఖాతాదారులకు ప్రశ్నల కాగితాలు పంచింది. రాయడానికి చేతులు లేవని వాళ్లు చెప్పడంతో జవాబులు కూడా సిబ్బందే రాశారు. అవగాహన లోపం అని తేలింది. దానికి మందుగా ఖాతాదారులకు టీ ఇవ్వాలని పై ఆఫీసు నిర్ణయించింది.

వరహాలమ్మ రిటైరైన నర్సు. భర్త దాలినాయుడికి మోకాలు మార్చడానికి ఆస్పత్రి బుధవారం రమ్మంది. ఖర్చుకు ఉన్నది ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్. దాన్ని తీయాలంటే సంతకం పెట్టాలి. చెయ్యి తీసుకెళ్లక తప్పదు.

"సంచిలో ఎట్టి తీసుకెల్లు. సంతకం అవ్వగానే మల్లీ లోపలెట్టీ," అన్నాడు దాలినాయుడు. "బయటుంచితే అది ఎవుల్నీ కాదనదు."

"నా చెయ్యి సంగతి నాకు చెప్తావేటి?" అందామె.

కౌంటరు దగ్గర చెయ్యి తగిలించుకుని, డబ్బు తీసే కాగితం మీద సంతకం పెట్టి, చేతిని మళ్లీ సంచిలో వేసి జిప్పు లాగింది. మేనేజరు ఆమోదం కావాలని లోపలికి పంపారు.

"కూర్చోండమ్మా. నాయుడుగారి మోకాలు ఎలా ఉంది?" అన్నాడు మేనేజరు. "ఇప్పుడు తీస్తే వడ్డీ పోతుంది. మా దగ్గర ఒక మంచి ప్లాను..."

"వద్దు బాబూ. నాకు డబ్బు కావాలి."

"వద్దంటే వద్దమ్మా. మాది బలవంతం కాదు. టీ అయినా తాగండి."

అతనే లేచి గ్లాసు అందించాడు. వరహాలమ్మకు ఎడమచెయ్యి మాత్రమే ఉంది. ఎదుటి మనిషి మర్యాదగా ఇచ్చినదాన్ని ఆమె ఎన్నడూ ఎడమచేత్తో అందుకోలేదు. అతను గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆమె జిప్పు తీసి, కుడిచెయ్యి తగిలించుకుని, గ్లాసు అందుకుంది.

టీలో చక్కెర సరిపోయింది. గ్లాసు కింద పెట్టేసరికి బల్ల మీద కాగితాలున్నాయి, వాటి మీద టిక్కులున్నాయి.

"ఇక్కడ," అన్నాడు మేనేజరు. "ఇక్కడ. ఇంకొక్కటి ఇక్కడ."

ఇంటికొచ్చాక దాలినాయుడు సంచి కేసి చూశాడు. అందులో ఏమీ లేదు. చెయ్యి ఆమె మణికట్టుకే ఉంది.

"టీ తాగేవేటి?"

"తాగేను."

"డబ్బో?"

"ఐదేళ్లయ్యాక ఇస్తారట."

"మరి నా మోకాలో?"

"దానిక్కూడా బీమా ఉందట. కొత్త మోకాలికి. ఏసుకున్నాక."

బుధవారం ఆస్పత్రి అతనికి ఉంచిన మంచాన్ని వేరొకరికి ఇచ్చింది. దాలినాయుడు కర్ర కొనుక్కున్నాడు. పెరట్లోకి రెండు మెట్లు దిగాలి కాబట్టి, పెరట్లోకి వెళ్లడం మానేశాడు.

ఇప్పుడు పెన్షను పడిందో లేదో చూసుకోవడానికి వెళ్లేటప్పుడు వరహాలమ్మ రెండు చేతులూ ఇంట్లోనే పెట్టి వెళ్తోంది. పాస్‌బుక్ సంచి భుజానికి తగిలిస్తాడు దాలినాయుడు. మేనేజరు ఆమె ఇబ్బందిని అర్థం చేసుకున్నాడు. గ్లాసు అతనే ఆమె నోటికి అందిస్తున్నాడు.

ఆమె తాగుతుంది. తాగాక, మర్యాద కోసం, "బాగుంది బాబూ" అంటుంది. ఆ మాట అతని ఫోనులో రికార్డవుతుంది. ఇకమీదట సంతకం అక్కర్లేదని, నోటిమాట చాలని కొత్త సర్క్యులర్ వచ్చింది.