రవళి డ్యాన్సుకు లింబాద్రి హాజరు

కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టు లింబాద్రి, 'గ్రహాంతర గర్జన' సినిమా వీడియో గేమ్‌గా విడుదలైన రోజు నుంచి, ఎవరు ఆ గేమ్ ఆడినా చనిపోతున్నాడు. సినిమాలో అతను హీరో కాల్చిన మొదటి తూటాకే పడిపోయే ఆకుపచ్చ సైనికుడు. గేమ్ కోసం అతని ఒంటిని నలువైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నారు. ఇప్పుడు ఎవరు ఫోన్‌లో ఆ సైనికుణ్ణి కాల్చినా లింబాద్రి ఉన్నచోటే కుప్పకూలుతాడు. కాసేపటికి లేచి దుమ్ము దులుపుకుంటాడు.

జనం త్వరగానే అలవాటు పడ్డారు. అతను పడిపోకముందే సిటీ బస్సు కండక్టర్ టికెట్ కొట్టేస్తున్నాడు. మరణ ధ్రువీకరణ పత్రం అడిగితే వార్డు ఆఫీసు గుమస్తా, "ఒక్కసారి గట్టిగ పోయి రాండ్రి. ఇట్ల మధ్యమధ్యల లేస్తే ఎంట్రీ ఎట్ల జేస్తం?" అని పంపించేశాడు. భార్య సుగుణ అతన్ని పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేసింది.

చిక్కంతా కూతురు రవళి స్కూలు వార్షికోత్సవంతో వచ్చింది. ఆదివారం సాయంత్రం దాని డ్యాన్సు. ఊరంతా గేమ్ ఆడేది ఆదివారమే.

"పోయినేడు షూటింగ్ అన్నవ్. ఈసారి సచ్చిపోయిన అంటవా డాడీ?" అంది రవళి.

లింబాద్రి మాదాపూర్‌లోని గేమ్ కంపెనీకి వెళ్లాడు. లిఫ్టులో చనిపోయాడు. సెక్యూరిటీ వాళ్లు మెడలో విజిటర్ కార్డు వేసి, ఈడ్చుకొచ్చి మేనేజర్ ప్రసూన ముందు కూర్చోబెట్టారు.

"మీరు చాలా బాగా చచ్చిపోతున్నారండీ. అందరూ మీ గురించే రాస్తున్నారు," అందామె, అతను కళ్లు తెరవగానే.

"ఆదివారం ఒక్క గంట బతకనియ్యండి మేడమ్. బిడ్డ డ్యాన్సుంది."

ప్రసూన, హీరో అభిమాన సంఘం అధ్యక్షుడికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టి, ఆ గంటసేపు కాల్చొద్దని అడిగింది. "మా అన్న కాలిస్తే నిలబడే మొగోడు ఇంకా పుట్టలే," అని అవతల ఫోన్ పెట్టేశారు.

ఆమె కంప్యూటర్ తనవైపు తిప్పుకుంది. "ఒక పని చేద్దామండీ. గేమ్ మొదలయ్యేసరికే మీరు చచ్చి పడుంటారు. ఇక మిమ్మల్నెవరూ కాల్చరు."

"లేవొచ్చా?"

"శవాలు లేవవు కదండీ. కళ్లు మాత్రం తెరిచే ఉంచుతాం."

"మాట్లాడుడు?"

"సినిమాలో మీకు డైలాగ్ లేదు కదా."

ఆ మాట నిజమే కాబట్టి లింబాద్రి ఒప్పుకున్నాడు.

ఆదివారం సుగుణ, ఆమె తమ్ముడు కలిసి అతన్ని ఆటోలో స్కూలుకు తెచ్చి, మొదటి వరుస ముందు చాప మీద పడుకోబెట్టారు. ముఖ్య అతిథి తనకు వేసిన దండ తీసి, అలవాటు కొద్దీ లింబాద్రి మీద వేసి, అందరిచేతా మౌనం పాటింపజేసి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

డ్యాన్సు మధ్యలో రవళి ఒక స్టెప్పు మరిచిపోయింది. భయంతో ఎదురుగా చూసింది. తండ్రులందరి తలలూ ఫోన్లలోకి వంగి ఉన్నాయి. ఎవరో "కొట్టు, కొట్టు!" అని అరిచారు. చాప మీద నుంచి రెండు కళ్లు మాత్రం రెప్ప వేయకుండా తననే చూస్తున్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాక స్టెప్పు గుర్తొచ్చింది. డ్యాన్సు పూర్తి చేసింది.

ఇంటికొచ్చాక మొహానికున్న రంగు కూడా కడుక్కోకుండా తండ్రి పక్కన చేరింది. "మమ్మీ, డాడీ ఒక్కడే మొత్తం చూసిండు."

"రేపు కంపెనీకి పోయి మళ్ల లేపుమని అడగాలె," అంది సుగుణ.

"వద్దు మమ్మీ. లేస్తే మళ్ల షూటింగ్‌కు పోతడు."

సుగుణ కొంచెంసేపు భర్త మొహం చూసింది. తర్వాత అతని తల కింద దిండు సర్ది, ఫ్యాన్ వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆ వీధి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తమ ఇంటాయన కోసమని, కంపెనీ ఫోన్ నంబర్ రాసుకుపోయారు.