ఎవరి మాటలు వాళ్ళే ఏరుకోవాలి

జపాన్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న ఆ క్యాంపు మైదానంలో మనిషి మాట్లాడిన మాట గాలిలో కలవదు, నేల మీద రాలుతుంది. వెళ్ళేటప్పుడు ఎవరి మాటలు వాళ్ళే ఏరుకుని తమ దేశానికి పట్టుకుపోవాలి. అక్కడ చెత్తకుండీలు ఉండవు. ప్లాస్టిక్ సీసాకీ పండు తొక్కకీ ఉన్న నియమమే మాటకీ వర్తిస్తుంది కాబట్టి ఎవరూ దీన్ని వింతగా చూడరు.

కాకినాడ నుంచి వెళ్ళిన పేర్రాజు గారూ, ఆయన భార్య భ్రమరాంబా కూడా వింతగా చూడలేదు. మైదానం బాధ్యత చూసే కవాబే అనే పెద్దావిడ ఇద్దరికీ చెరో పట్టకారు, చెరి మూడు సంచులు ఇచ్చింది. కాలే మాటలకొకటి, కాలనివాటికొకటి, మళ్ళీ వాడుకోదగ్గవాటికొకటి. ఆవిడ జపనీస్‌లో చెప్పినదాన్ని ఆవిడ ఫోను వార్తలు చదివినట్టు తెలుగులో వినిపించింది. ఫోను రాల్చిన మాటల్ని కూడా ఆవిడే వంగి ఏరి, ఏప్రాన్ జేబులో వేసుకుంది.

"మన దగ్గరైతే పొద్దున్నే ఎవరో ఒకరు ఊడ్చేస్తారు" అన్నారు పేర్రాజు గారు. ఆ మాటలు చింతపిక్కల్లా ఆయన చెప్పుల పక్కన పడ్డాయి.

ఆ తర్వాత ఆయన ఆగితే కదా. టెంటు మేకులు ఎటు వాల్చి కొట్టాలో చెప్పారు. ఈ సముద్రం కన్నా మన ఉప్పాడ సముద్రానికే ఊపెక్కువని చెప్పారు. పక్క టెంటులోని జపాన్ కుటుంబం మర్యాదగా తల వంచితే, వినాలని ఉందేమో అనుకుని ఆవకాయ పెట్టే పద్ధతి మొదలుపెట్టారు. పిండి కొలత దగ్గర భార్య ఏదో అనబోయింది. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నారు. సాయంత్రానికి టెంటు చుట్టూ మడమలు మునిగేంత మాటలు పేరుకున్నాయి.

భ్రమరాంబ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఏరడం మొదలుపెట్టింది. ఇంట్లో అలవాటైన పనే. కవాబే వచ్చి ఆపింది.

"ఎవరివి వాళ్ళే ఏరుకోవాలి" అంది ఫోను.

"ఆయనకి మోకాళ్ళ నెప్పులండీ, వంగలేరు."

"ఎవరివి వాళ్ళే."

పేర్రాజు గారు మూలుగుతూ వంగారు. ఆ మూలుగులు కూడా రాలాయి. భ్రమరాంబ గుప్పిట్లోవి కింద పోసి, ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో తోచక వాటిని స్వెట్టరు జేబుల్లో పెట్టుకుని సముద్రం వైపు నడిచింది. ఆమెని వెనక నుంచి ఎవరూ పిలవలేదు, ఆయన ఏరుకునే పనిలో ఉన్నారు. చాలాసేపు కూర్చుంది. ఆమెకు భయమేసేంత సంతోషం కలిగింది.

వెళ్ళేరోజు తనిఖీ జరిగింది. రాజకీయాలు సులువుగా కాలేవాటిలోకి వెళ్ళాయి. సలహాలు కాలనివాటిలోకి వెళ్ళాయి. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నవి ఒక కుప్ప ఉన్నాయి, గులకరాళ్ళలా నున్నగా అరిగిపోయి. కవాబే వాటిని మళ్ళీ వాడుకోదగ్గ సంచిలో వేసింది.

"ఇంత అరిగాక ఇంకెవరు వాడతారండీ?" అన్నారు పేర్రాజు గారు.

"ఇవి అరిగేకొద్దీ బాగా పనిచేస్తాయి" అంది ఫోను.

భ్రమరాంబ సంచిలో పెద్దగా ఏమీ లేవు. సముద్రం దగ్గర అన్న మాట ఒకటి మెరుస్తోంది: "నాకిక్కడ బాగుంది." కవాబే దాన్ని వెలుగులో తిప్పి చూసింది.

"ఇది కొత్తది. కొత్తది చెత్త కాదు. తీసుకెళ్ళచ్చు, వదిలెయ్యచ్చు."

పేర్రాజు గారి సంచులు విమానంవాళ్ళు ఒప్పుకునే బరువుని ఎప్పుడో దాటిపోయాయి. "నీ పెట్టెలో బోలెడు ఖాళీ ఉందిగా, అందులో కుక్కెయ్యి" అన్నారాయన.

"మోసినవాళ్ళకే సొంతమవుతాయి" అని ఫోను హెచ్చరించింది.

భ్రమరాంబ పెట్టె వైపు చూసింది, ఆయన మోకాళ్ళ వైపు చూసింది. "అయితే వద్దండీ" అంది. అని, ఆ రెండు మాటలూ ఏరి తన సంచిలో వేసుకుంది.

పేర్రాజు గారు ఇందులోని అన్యాయాన్ని వివరించసాగారు. వివరించేకొద్దీ కుప్ప పెరిగింది. నేల శుభ్రమయ్యేదాకా మనిషిని పంపరు కాబట్టి ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. రోజూ ఇంటికి ఫోన్ చేసి తన పరిస్థితి చెబుతారు. అవీ అక్కడే రాలుతున్నాయి.

భ్రమరాంబ ఒక్కతే తిరిగొచ్చింది. ఆ మెరిసే మాటని వెంట తేలేదు. కొత్తది వాడెయ్యడానికి మనసొప్పక, మళ్ళీ వచ్చినప్పుడు పనికొస్తుందని ఇసుకలో భద్రంగా దాచి వచ్చింది. బీరువాలో కొత్త చీరలు కూడా ఆమె అలాగే దాస్తుంది.

ఆదివారం కూతురు వాహిని చూడడానికి వచ్చింది. "అమ్మా, ఈసారి మనిద్దరమే ఎక్కడికైనా వెళ్దామే. టిక్కెట్లూ అవీ అన్నీ నేను చూసుకుంటాగా" అంది.

భ్రమరాంబ అప్పుడు స్వెట్టరు మడతపెడుతోంది. ఆ రోజు గుప్పిట్లోంచి జారి మిగిలిపోయిందేమో, జేబులో ఏదో గులకరాయిలా నున్నగా వేళ్ళకు తగిలింది. ఏమిటో చూసేలోగానే అది నోట్లో చక్కగా ఇమిడిపోయింది.

"నీకేం తెలుసు, ఊరుకో."

వాహిని ఊరుకుంది. కాకినాడలో మాటలు నేల మీద రాలవు కాబట్టి ఎవరూ వంగి వెతకలేదు. కాసేపటికి బస్సు టైమైందని వాహిని బ్యాగు భుజాన వేసుకుని, ఆ మాటనీ తీసుకుని తన ఇంటికి వెళ్ళిపోయింది.