తలుపు మీద అధ్యక్షులవారు

మా మండలానికి కొత్త సంచార వైద్యశాల వస్తున్నదనీ, శుక్రవారం హైస్కూలు మైదానంలో దాని ప్రారంభోత్సవమనీ 2003 మార్చిలో కరపత్రాలు పంచారు. మండలాధ్యక్షులు రాఘవేంద్రప్రసాద్ గారు మాట తప్పని మనిషి. కొత్త వ్యాన్ తెస్తామన్నారు, తెచ్చారు. అది ఆసుపత్రి వెనక మూడు నెలలుగా నిలిచిపోయిన పాత వ్యానే అన్నది కేవలం సాంకేతికమైన విషయం.

ప్రభుత్వ సభ ఏదైనా, మైకు ముందు నిలబడి స్వాగతాలు చెప్పే పని తెలుగు మాస్టారుది. అందువల్ల ఈ సంగతులు నేను దగ్గర నుంచి చూశాను.

పెయింట్ వేయాలంటే తుప్పు గీకాలి, సొట్టలు తీయాలి, లప్పం పెట్టాలి. ఇరవై రోజులు పడుతుంది. అందుకని మండలాధికారి ఉమామహేశ్ గారు బెంగళూరు నుంచి స్టిక్కర్ తెప్పించారు. బండి మొత్తానికీ చుట్టే స్టిక్కర్. రెండు రోజుల పని. దాన్ని అంటించడానికి ఏసురాజు అనే పనివాడు వేడిగాలి మిషన్‌తో వచ్చాడు.

"తుప్పు గీకకుండా అంటిస్తే నిలవదు సార్," అన్నాడు ఏసురాజు.

"ఎన్నాళ్లు నిలుస్తాది?"

"మహా అయితే నెల."

"శుక్రవారం దాకా నిలుస్తాది గదా. అంటీయప్పా."

దూరదృష్టి గల అధికారులు మాకు అరుదుగా దొరుకుతారు.

వ్యాన్ వెనక రెండు రెక్కల తలుపు. దాని నిండా అధ్యక్షులవారి చిరునవ్వు. ఏసురాజు ముడత లేకుండా అంటించి, రెక్కల మధ్య సందు వెంబడి కోయడానికి బ్లేడు తీశాడు. ఆ సందు సరిగ్గా ముక్కు మీదుగా పోతుంది.

ఉమామహేశ్ గారు అతని చెయ్యి పట్టుకున్నారు. "ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"కోయకుంటే తలుపు రాదు సార్."

"సార్ మొగాన్ని నడిమికి కోస్తావా? తలుపు తీసినప్పుడల్లా ఒక కన్ను ఆ పక్క, ఒక కన్ను ఈ పక్క పోతే బాగుంటాదా? నా ట్రాన్స్‌ఫర్ నువ్వు ఆపుతావా?"

"మరి పేషెంట్లు యాడ ఎక్కుతారు సార్?"

"అది తర్వాత సంగతి. ముందు ప్రారంభం కానీ."

పక్క కిటికీలు కూడా పథకాల పేర్ల కింద మూసుకుపోయాయి. బండి మాత్రం చాలా అందంగా ఉండింది. ఇందులో అబద్ధం లేదు.

శుక్రవారం పదకొండు గంటలకు అధ్యక్షులవారు పచ్చజెండా ఊపారు. వ్యాన్ కదలలేదు. కార్యక్రమ పత్రంలో జెండా ఊపడం వరకే ఉంది గనుక అందరం చప్పట్లు కొట్టాం.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ గిడ్డమ్మ వచ్చింది. నెలలు నిండిన కోడల్ని ఎద్దులబండిలో పడుకోబెట్టి తెచ్చింది. కొడుకు గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోయాడు.

"సామీ, తెల్లారినప్పటి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్తాది. ఆదోని పెద్దాసుపత్రికి తోలించు సామీ, బండి ఈడనే ఉండాది గదా!"

"డ్రైవరు పక్కన కూచోబెట్టమ్మా," అన్నారు ఉమామహేశ్ గారు.

"కూచునేదానికి అది పెళ్లికి పోతాందా? పండుకోవాల!"

"తలుపు తీయండయ్యా," అన్నారు అధ్యక్షులవారు. ఎవరూ కదలలేదు. ఉమామహేశ్ గారు ఆయన చెవిలో విషయం విన్నవించారు. అధ్యక్షులవారు ఒక క్షణం ఆలోచించి మైకు అందుకున్నారు.

"ప్రజల కోసం నా మొగం రెండు ముక్కలైనా సరే! కోయండి!"

ఇంతటి త్యాగం మా మండలంలో ఇంతకుముందు జరగలేదు. ఏసురాజు నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్క గీత గీశాడు. తలుపు తెరుచుకుంది.

లోపల స్ట్రెచర్ మీద, తెల్లదుప్పటి కింద, వ్యాన్ ఇంజన్ పడుకొని ఉంది.

గిడ్డమ్మ దుప్పటి ఎత్తి చూసింది. "దీన్ని యాడికి తీసకపోతాండారప్పా?"

"రిపేరుకు పంపాల," అన్నారు ఉమామహేశ్ గారు. "ఫైలు కర్నూల్లో ఉండాది." బండిని మైదానం దాకా ట్రాక్టరుతో ఎందుకు లాగించారో అప్పుడు తెలిసింది.

ఆదోనికి ముప్పై ఐదు కిలోమీటర్లు. పోయిన ఏడాది ఇదే వ్యాన్‌లో నా భార్యను తీసుకెళ్తూ దారిలో నాలుగు గంటలు ఆగిపోయాను. ఆ మాటకు ఇది సందర్భం కాదు.

ఎద్దులబండిలోంచి ఆ అమ్మాయి మూలుగు వేదిక దాకా వినిపిస్తున్నది. వేదిక పక్కన అధ్యక్షులవారి తెల్ల కారు ఉంది. డ్రైవరు ఏసీ ఆపలేదు.

నేను మైకు ముందుకు వెళ్లాను.

"సభకు నమస్కారం. మన ప్రియతమ అధ్యక్షులవారు ఈ తల్లిని ఆదోని చేర్చడానికి ఈ క్షణమే తమ సొంత కారును ఇచ్చేశారు. వారి ఔదార్యానికి కరతాళ ధ్వనులతో..."

మా జనం ఎప్పుడూ అంత గట్టిగా చప్పట్లు కొట్టలేదు. గిడ్డమ్మ ఆలస్యం చేయలేదు. నలుగురు పట్టి కోడల్ని వెనక సీట్లో పడుకోబెట్టారు. గిడ్డమ్మ ఆమె తల ఒళ్లోకి తీసుకొని "పోనీయప్పా!" అంది. డ్రైవరు అధ్యక్షులవారి వైపు చూశాడు. ఆయన జనం వైపు చూశారు. జనం ఆయన వైపే చూస్తున్నారు. ఆయన తల ఊపారు. కారు ఆదోని దారి పట్టింది.

దుమ్ము అణగకముందే అధ్యక్షులవారు నా పక్కకు వచ్చారు. చిరునవ్వు చెదరలేదు.

"మాస్టారూ, నేనెప్పుడు ఇచ్చినాను?"

"ఇప్పుడే సార్," అన్నాను. "ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు."

ఆయన జనం వైపు తిరిగి చేతులు జోడించారు.