లింగస్వామిగారి మెదడులో తెలంగాణ

తన మెదడును ప్రజల ముందు పెడతానని లింగస్వామిగారు ప్రకటించిన రోజు దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో గంటసేపు ట్రాఫిక్ ఆగిపోయింది. ఉద్యమంలో ప్రాణాలిస్తామన్న నాయకులు చాలామందే ఉన్నారు గానీ, మెదడు జోలికి ఎవరూ పోలేదు.

"నాకు తెలంగాణ మీద ప్రేమ లేదని కొందరంటున్నరు. నాకు టికెట్ రాకుండ జేసుడే వాళ్ల పని. ఎల్లుండి స్కానింగ్ మెషిన్ల పండుకుంట! ఏ మాట ఇంటే మెదడుల ఏ జాగకు రక్తం ఉరుకుతదో అది రంగులేసి చూపెడ్తదట. తెలంగాణ అనంగనే నా రక్తం ఎట్ల ఉరుకుతదో మీరే చూడుండ్రి!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు జానయ్య. కొట్టిన ప్రతిసారీ తల పగిలిపోయేంత నొప్పి. ఎల్బీనగర్ రాస్తారోకో తోపులాటలో డివైడర్‌కు తల కొట్టుకున్నప్పటి నుంచీ ఇదే వరస. స్కానింగ్ తీయించమన్నారు దవాఖానలో. మీర్‌పేట్‌లో కిరాయి గదికే అతని ఆటో సంపాదన చాలడం లేదు.

జానయ్య అంటే లింగస్వామిగారికి ప్రాణం. రిలే దీక్షలన్నింటినీ ఆయనే ప్రారంభించేవారు. ఫోటో కాగానే లేచేవారు. ఆయన పేరు రాసిన అట్ట కింద రోజంతా పస్తుండేది జానయ్య. సాయంత్రం నిమ్మరసం వేళకు మళ్లీ ఆయనే వచ్చి, నీరసంగా ముఖం పెట్టి తాగేవారు. పార్టీలో అందరూ ఇలాగే చేస్తారు. ఎవరూ తప్పు పట్టలేదు.

స్కానింగ్ సెంటర్‌లో సింధూర అనే అమ్మాయి ఉంది. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ టెక్నీషియన్‌గా చేస్తోంది.

"లోపల పెద్ద అయస్కాంతం ఉంటుందండీ. ఉంగరాలు, గొలుసు అన్నీ తీసెయ్యాలి."

లింగస్వామిగారు తన ఏడు ఉంగరాలనూ చూసుకున్నారు. "శని ఉంగరం తీస్తే టికెట్ పోతదమ్మా."

"నలభై నిమిషాలు కదలకూడదు. ఫోను కూడా కుదరదండీ."

"నలభై నిమిషాలు ఫోన్ ఎత్తకుంటే నేనున్ననని పార్టీల ఎవనికి యాదుంటది?" అని ఆయన వెనక్కి తిరిగారు. "జానయ్యా, జర నువ్వు పండుకో."

సింధూర తెల్లబోయింది. "ఆయన తల చూస్తే మీ మెదడు ఎలా తెలుస్తుందండీ?"

"నా ఉపాసాలన్ని ఆయననే ఉన్నడు. ఒక్కసారన్న లెక్క తప్పిందా?"

సెంటర్ యజమాని తలుపు సందులోంచి కానిమ్మన్నట్టు సైగ చేశాడు. సింధూర కాగితం మీద లింగస్వామి అని రాసింది.

జానయ్యకు లోలోపల పండగే. తన తలను పైసా ఖర్చు లేకుండా చూస్తారు. "బిడ్డా, గీడ నొస్తది. జర అది గూడ చూడు" అన్నాడు మెల్లగా.

"చూస్తానండీ."

మెషిన్ దడదడ మోగింది. చెవుల్లో ఒక్కో మాటే వినిపిస్తోంది. ఉప్పు. కుర్చీ. గడియారం. తెలంగాణ. ఆ మాట వినగానే జానయ్యకు నల్లగొండలో బీడు పడిన చెల్క కనిపించింది. ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకరపోయిన తమ్ముడు కనిపించాడు. డిగ్రీ పాసై నౌకరీ కోసం చూస్తున్న కూతురు మౌనిక కనిపించింది. దుఃఖం ఆగలేదు. కదలొద్దన్నారు కాబట్టి కళ్లు తుడుచుకోలేదు.

కంప్యూటర్‌లో మెదడు బొమ్మ ఎర్రగా, పచ్చగా వెలిగిపోయింది. లింగస్వామిగారు ఫ్లెక్సీకి ఆర్డరిచ్చారు. అప్పుడే సింధూర రెండో బొమ్మ తెచ్చింది.

"తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డ కట్టిందండీ. వారంలోగా ఆపరేషన్ చేయించకపోతే ప్రాణానికే ప్రమాదం."

జానయ్య చెయ్యి తల మీదికి పోయింది. లింగస్వామిగారు మాత్రం శాంతంగా అడిగారు. "రిపోర్ట్ ఎవరి పేరు మీద ఉన్నది?"

"మీ పేరు మీదేనండీ."

"అయితే గడ్డ గూడ నాదే."

"అన్నా, మరి నా తలకాయ?" అన్నాడు జానయ్య.

"టికెట్ రానీ, ముందుగల్ల నీదే చూపిద్దాం."

"ఈయన పేరున ఇంకో స్కాన్ తీస్తానండీ" అంది సింధూర.

"ఇద్దరికీ ఒక్కతీరు గడ్డ ఉంటే జనం నమ్మరమ్మా!"

ఆయన బయటికి వెళ్లాక సింధూర రిపోర్టు నకలు జానయ్య చేతిలో పెట్టింది. "పేరు మార్చడానికి నాకు వీల్లేదండీ. కానీ తల మీదే. ఏ ఆసుపత్రిలోనైనా చూపించండి." టికెట్ రాగానే అన్నే చూపిస్తాడు కదా అని జానయ్య దాన్ని మడిచి ఇంట్లో దాచాడు.

తెలంగాణ గురించి ఆలోచించీ ఆలోచించీ నాయకుడికి రక్తం గడ్డ కట్టిందని మర్నాడు పత్రికలన్నీ రాశాయి. హయత్‌నగర్ నుంచి సైదాబాద్ దాకా పూజలు జరిగాయి. మూడో రోజు టికెట్ ఖాయమైంది. కార్పొరేట్ ఆసుపత్రిలో చేరి, అక్కడ ఏడు ఉంగరాలూ తీసి స్కాన్ చేయించుకున్నారు లింగస్వామిగారు. గడ్డ కనిపించలేదు. ప్రజల పూజలే దాన్ని కరిగించాయని ఆయన కన్నీళ్లతో చెప్పారు.

మర్నాడు ఆయన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే ఊరేగింపులో జెండా పట్టుకుని నడుస్తూ జానయ్య కుప్పకూలాడు. భార్య సైదమ్మ అతన్ని ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానకు తెచ్చింది. బెంచీ మీద పడుకోబెట్టి, రిపోర్టును కౌంటర్‌లో ఇచ్చింది. జానయ్యకు అన్నీ వినిపిస్తున్నాయి గానీ నోరు పెగలడం లేదు.

"మా ఆయనదే సారూ. గడ్డ ఉన్నదంట. జర జల్ది చూడుండ్రి."

గుమాస్తా కాగితం మీది పేరు చదివి, దాన్ని తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"లింగస్వామికి గడ్డ కరిగిందని పొద్దుగాల పేపర్ల పడ్డది గదమ్మా. ఇగ ఆపరేషన్ ఏంది? ఇంటికి తీస్కపో."