పాండురంగ మెడకు ఇంటర్వ్యూ

1999 డిసెంబరు మొదటి వారంలో, భూమ్మీద ఒళ్లునొప్పులు లేని జాతి ఏదైనా ఉందంటే అది తెలుగుజాతేనని ఆస్ట్రేలియా దేశంలో అధికారికంగా రుజువు కాబోయి, వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఇందుకు పూర్తి బాధ్యత మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్ వాస్తవ్యుడు పాండురంగది. జాతికి ఇంత మచ్చ తెచ్చిన మనిషి గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవడం మన విధి.

పాండురంగది చీరాల. మెల్‌బోర్న్‌లో ఒక బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం. ఆ రోజుల్లో కంప్యూటర్లకు ఒక గండం ఉండేది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకునే అలవాటున్న ఆ యంత్రాలు, రెండువేలు రాగానే వందేళ్లు వెనక్కి వెళ్లిపోయామనుకుని జీతాలు ఎగ్గొడతాయని, లిఫ్టులు ఆపేస్తాయని, విమానాలు కూలుస్తాయని పెద్దలు తేల్చారు. ఆ గండం గట్టెక్కించడానికి ప్రపంచం తెలుగువాళ్లను పిలిచింది. ఒక్కొక్క ప్రోగ్రామూ చదివి "రెండువేలకు సిద్ధం" అని సంతకం పెట్టడం పాండురంగ పని. రెండేళ్లుగా మెడ ముందుకు చాచి, తెరలోకి చూస్తూ, అన్నీ బాగున్నాయని సంతకాలు పెట్టగా పెట్టగా ఆ మెడ వెనక్కి రావడం మరిచిపోయింది. ఎడమవైపు తిరగడం అసలే మానేసింది. కారు ఎడమ లేనులోకి పోవాలంటే పక్క సీట్లోంచి భార్య చాముండేశ్వరి "ఎవరూ లేరు, పోనివ్వండి" అని అనుమతి ఇవ్వాలి. ఆవిడ కారులో లేని రోజున పాండురంగ కుడివైపు మలుపులతోనే ఆఫీసు చేరుకునేవాడు. దారి కొంచెం చుట్టు. అయినా బాగానే ఉందనేవాడు.

అలా అనడం నేర్పినవారు శేషాచలం గారు. పాండురంగను ఇండియా నుంచి తెప్పించి బ్యాంకుకు అందించిన కన్సల్టెన్సీ ఆయనదే. విమానం దిగిన ప్రతి కుర్రాణ్నీ తమ ఇంటి గరాజులో కూర్చోబెట్టి ఆయన ఇంటర్వ్యూకు తర్ఫీదు ఇచ్చేవారు. ఆ తర్ఫీదు సారం చాలా సులువు. ఏది అడిగినా వచ్చు అనాలి. మూడేళ్ల అనుభవం ఉందనాలి. ఎలా ఉన్నావంటే ఫస్ట్‌క్లాస్ అనాలి. లోపం మాత్రం, అది తనదైనా ప్రోగ్రాముదైనా, చచ్చినా ఒప్పుకోకూడదు. ఈ సూత్రం మీద నగరంలో ఎన్నో బ్యాంకులు, రెండు ఆస్పత్రులు, ఒక రైల్వే విభాగం నడుస్తున్నాయి. జనవరిలో కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది కూడా శేషాచలం గారి చేతిలోనే ఉంది కాబట్టి, పాండురంగ ఆ సూత్రాన్ని ఇంట్లో సైతం పాటించేవాడు.

అటువంటి ఇంట పుట్టిన సింధుజకు, విచిత్రంగా, ఎదుటివాళ్ల నొప్పుల మీద మనసు పోయింది. మందులూ కత్తులూ లేకుండా, చేతులతో తడిమి ఎముకల్నీ కండరాల్నీ సరిచేసే వైద్యం ఒకటి ఉంది, ఆస్టియోపతి అంటారు. అది చదువుతానంది. పన్నెండో తరగతి మార్కులకు మామూలు వైద్యంలో సీటు ఎలాగూ రాదని తేలాక పాండురంగ సరేనన్నాడు. చాముండేశ్వరి అయితే అమ్మాయి మెడిసిన్ చదవబోతోందని ఊరంతా చెప్పేసింది. కనక సీటు రావడం ఇప్పుడు అమ్మాయి ఆశ ఒక్కటే కాదు, అమ్మ మాట కూడా.

కళాశాల నగరానికి పడమట ఉంది. ఆ ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లలో తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకొచ్చినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ తెలుగువాళ్లే. సింధుజతో పాండురంగ వచ్చాడు. చాముండేశ్వరి కూడా వచ్చింది గాని, ఎడమ లేన్లన్నీ చూసి చూసి తలనొప్పి తెచ్చుకుని కారులోనే పడుకుంది. రెండోవాడు కిట్టు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లాడు. వాడి వెంట వచ్చిన తండ్రి మరెవరో కాదు, శేషాచలం గారు.

ఆయన్ని చూడగానే పాండురంగ నిటారుగా నిలబడ్డాడు. మెడ మినహా.

"ఏమయ్యా, ఎలా ఉన్నావ్?" అన్నారు శేషాచలం గారు.

"ఫస్ట్‌క్లాస్ సార్."

ఇంటర్వ్యూ పద్ధతి శాస్త్రీయంగా ఉంది. అసలు పరీక్ష వరండాలో కుర్చీల్లో ఎలా కూర్చున్నారన్నదేనని, గోడ అవతలి నుంచి చూస్తున్నారని ఎవరో పుకారు పుట్టించడంతో అభ్యర్థులందరూ గంటసేపు మేకులు దిగ్గొట్టినట్టు కూర్చున్నారు. లోపలికి పిలిచేటప్పటికి ముగ్గురికి నడుం పట్టేసింది. గోడ అవతల గిడ్డంగి తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత నెత్తిన కాగితం టోపీ పెట్టిన బ్రూస్ అనే అస్థిపంజరాన్ని పరిచయం చేసి, మర్యాదగా పలకరించమన్నారు. గట్టిగా కరచాలనం చేసిన ఒక కుర్రాడి చేతిలో బ్రూస్ చెయ్యి ఉండిపోయింది. ఆపైన వేళ్ల సున్నితత్వం కోసం, కాగితం కింద తలవెంట్రుక పెట్టి అది ఎక్కడుందో తడిమి చెప్పమన్నారు. ఒక కాగితంతో మొదలై వ్యవహారం టెలిఫోన్ డైరెక్టరీ దాకా పోయింది. డైరెక్టరీ కింద కూడా వెంట్రుకను కనిపెట్టిన అమ్మాయికి చప్పట్లు కొట్టారు. తీరా ఎత్తి చూస్తే అక్కడ వెంట్రుక పెట్టడం మరిచిపోయారు. ఆత్మవిశ్వాసం ఖాతాలో ఆమెకు మార్కులు వేసుకున్నారు.

నోటి పరీక్షలో ఈ చదువే ఎందుకు అని అడిగితే సింధుజ, మనుషులు నోటితో దాచేది ఒళ్లు దాచలేదని తనకు అనిపిస్తుందంది. కిట్టు మాత్రం తండ్రి నేర్పిన ప్రకారం, ఎముకల్లో తనకు మూడేళ్ల అనుభవం ఉందన్నాడు. పదిహేనో ఏటి నుంచా అని అడిగారు. అవును, బ్యాంకింగ్ రంగంలో అన్నాడు. బోర్డు వారు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎందుకైనా మంచిదని రాసుకున్నారు.

చివరిది చేతి పరీక్ష. ఇందుకోసం నిత్యం నడుంనొప్పితో బాధపడే ఒక ఫుట్‌బాల్ ఆటగాణ్ని కూలికి మాట్లాడుకున్నారు. నడుంనొప్పి వల్ల అతను రాలేకపోయాడు. బోర్డు అధ్యక్షురాలు ప్రొఫెసర్ డన్‌స్టన్ వరండాలోకి వచ్చి, ఎవరైనా సాయం చేస్తారా అని అడిగింది. పని ఏమిటో చెప్పకముందే తెలుగు చేతులు రెండూ లేచాయి. ఇంటర్వ్యూ జరిగే చోట ఎవరేం అడిగినా ముందు చెయ్యెత్తాలన్నది కూడా గరాజు తర్ఫీదులో భాగమే. ప్రొఫెసరమ్మ పాండురంగను ఒక్కసారి పక్కనుంచి చూసింది. ఆవిడ కళ్లు మెరిశాయి. ఇంత అద్భుతమైన మెడను తన సర్వీసులో చూడలేదని, దయచేసి లోపలికి రమ్మని ఆహ్వానించింది. పాండురంగ మురిసిపోయాడు. శేషాచలం గారు చిన్నబుచ్చుకున్నారు. అయినా పర్యవేక్షణ కోసం తామూ లోపలికి వచ్చి ఒక మూల కూర్చున్నారు.

రోగి తన కన్నతండ్రేనని సింధుజ ముందే చెప్పేసింది. అలాగైతే జబ్బేమిటో నీకు ముందే తెలిసి ఉంటుందిగా అని ప్రొఫెసరమ్మ సందేహించింది.

"నో," అంది సింధుజ ఇంగ్లీషులో. "డాడీ ఇంట్లో ఏమీ చెప్పరు. ఎప్పుడడిగినా ఐ యామ్ ఫైన్ అంటారు. మాకు ఏమీ తెలీదు."

ప్రొఫెసరమ్మ ఆ మాట రాసుకుని, ఆమెను అందరికంటే చివర్న పెట్టింది. ఒక్క సీటే మిగిలిందని కూడా చెప్పింది. నియమం ఏమిటంటే, అభ్యర్థి రోగిని ఏమీ అడగకుండా చేతులతో తడిమి నొప్పి ఎక్కడుందో చెప్పాలి. రోగి అవునంటే అవును, కాదంటే కాదు.

పాండురంగ చొక్కా, చెప్పులు విప్పి బల్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా కాంట్రాక్టు ఇచ్చే దొర, చుట్టూ ప్రశ్నలడిగే బోర్డు. తనకు తెలిసినంతలో దీన్ని ఇంటర్వ్యూ అంటారు. మొదటి అభ్యర్థి చెయ్యి వెయ్యగానే మెడ అన్నాడు. పాండురంగ చిరునవ్వుతో, నో పెయిన్ అన్నాడు. రెండో అమ్మాయి కూడా మెడే అంది. నో పెయిన్. మూడో కుర్రాడు తడమనక్కర్లేకుండా తలుపు దగ్గర్నుంచే మెడ అన్నాడు. వాడికీ అదే జవాబు. డైరెక్టరీ అమ్మాయి ఇంత రాతి కండరాన్ని ముట్టుకోలేదని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెను పాండురంగే ఓదార్చాడు. కిట్టు వంతు వచ్చింది. వాడు అంకుల్ భుజాల మీద మర్యాదగా చేతులుంచి, మూల కూర్చున్న తండ్రి వైపు చూసి, "హీ ఈజ్ టోటల్లీ ఫైన్" అన్నాడు.

కరెక్ట్, అన్నాడు పాండురంగ.

ఆ విధంగా, ఆ రోజు ఆ కళాశాలలో రోగాన్ని సరిగ్గా నిర్ధారించిన ఏకైక అభ్యర్థిగా కిట్టు నమోదయ్యాడు. శేషాచలం గారు కాలు మీద కాలు వేసుకున్నారు. తెలుగుజాతి కీర్తి పతాకస్థాయికి చేరింది.

అప్పుడు సింధుజ వచ్చింది. చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుని వెచ్చబెట్టుకుంది. తండ్రిని అలా ముట్టుకుని ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. మెడ వెనక రెండు బొటనవేళ్లూ ఆనించి, నొక్కలేదు, ఊరికే ఉంచింది. పాండురంగకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ వేళ్లు ఎవరినీ పరీక్షించడం లేదు, ఏమైందని అడుగుతున్నాయి. అంతమంది తడిమినా చెక్కుచెదరని మనిషికి కళ్లు చెమర్చాయి.

"హియర్. రెండేళ్ల నుంచి అయ్యుంటుంది," అంది సింధుజ ఇంగ్లీషులోనే.

ప్రొఫెసరమ్మ రోగి వైపు తిరిగింది. కాదంటే అమ్మాయి సీటు పోతుంది. అవునంటే జనవరి నుంచి తన సీటు పోతుంది. పాండురంగ చెప్పులు లేని తన కాళ్ల వైపు చూశాడు. ఎదురుగా ఉన్న శేషాచలం గారి బూట్ల వైపు చూశాడు.

"నొప్పిగా ఉందమ్మా," అన్నాడు మెల్లగా.

బోర్డుకు తెలుగు రాదు. ఏమన్నాడని ప్రొఫెసరమ్మ అడిగింది. మూలనుంచి శేషాచలం గారు లేచి, జాతి పరువును, కాంట్రాక్టును, కొడుకు సీటును ఏకకాలంలో దృష్టిలో పెట్టుకుని అనువదించారు.

"హీ సేస్ హీ ఈజ్ ఫైన్."

"నో డాడ్," అన్నాడు కిట్టు. "హీ సెడ్ ఇట్ హర్ట్స్."

మూడేళ్ల అనుభవంలో ఆ పిల్లాడు చెప్పిన మొదటి నిజం అది. తనకు నిజానికి వంటపని నేర్చుకోవాలని ఉందని అప్పుడే బోర్డుకు చెప్పి, భారం దిగినట్టు గోడకు చేరగిలబడ్డాడు.

ఇప్పుడు అందరూ పాండురంగ వైపు చూశారు. ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పాలి. ఆ భాషలో అతను ఇంతవరకు ఒక్క నొప్పి కూడా చెప్పుకోలేదు. గొంతు సవరించుకుని "ఇట్ హర్ట్స్" అన్నాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. ధైర్యం చేసి మోకాలు కూడా అన్నాడు. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. మణికట్లు, నడుము, వంతెన మీద గాలికి కారు ఊగితే గుండెలో వచ్చే దడ, ఆదివారం సాయంత్రమే మొదలయ్యే సోమవారం కడుపునొప్పి, అన్నీ వరసగా బయటికొచ్చాయి. చివరికి, బ్యాంకు జీతాల ప్రోగ్రాము రెండువేలకు సిద్ధమని తను సంతకం పెట్టాడు గాని, సిద్ధమో కాదో దేవుడికే తెలియాలని కూడా చెప్పేశాడు. శేషాచలం గారు తల పట్టుకున్నారు. ప్రొఫెసరమ్మకు కాగితాలు చాలక బ్రూస్ నెత్తినున్న కాగితం టోపీ కూడా విప్పి రాసుకుంది. బ్రూస్ ఏమీ అనుకోలేదు.

సింధుజకు సీటు వచ్చింది. జనవరి ఒకటో తేదీ కూడా వచ్చింది. లిఫ్టులు నడిచాయి, విమానాలు ఎగిరాయి, జీతాల ప్రోగ్రాము ఎందుకో గాని సరిగ్గానే పనిచేసింది. పాండురంగ కాంట్రాక్టు పొడిగించలేదు. లోపం ఒప్పుకున్నవాడికి ఇదే శాస్తి అని శేషాచలం గారు సభాముఖంగా ప్రకటించారు. అయితే గండం గడిచిపోయింది కాబట్టి, లోపం ఒప్పుకోనివాళ్ల కాంట్రాక్టులు కూడా బ్యాంకు అదే వారంలో ముగించింది. వాళ్లంతా ఎలా ఉన్నారంటే ఫస్ట్‌క్లాస్ అన్నారు.

పాపం పాండురంగకు ఒంట్లో బాగోదట అని తెలుగువాళ్లంతా సానుభూతి తెలపడానికి ఆదివారాలు క్రాన్‌బర్న్ రావడం మొదలుపెట్టారు. చాముండేశ్వరి వడ్డించిన భోజనం చేసి, పాండురంగ మెడ గురించి తలా ఒక మాట జాలిపడి, ఆ తర్వాత ఒక్కొక్కరే చెయ్యి కడుక్కోవడానికన్నట్టు లేచి గరాజులోకి జారుకుంటారు. అక్కడ సింధుజ ఒక బల్ల వేసుకుని పాఠాలు వల్లెవేసుకుంటూ ఉంటుంది. మొదటి సంవత్సరం పిల్లను, ఎవరికీ వైద్యం చెయ్యకూడదని ఆమె చెబితే, తమకు మాత్రం వైద్యం ఎందుకని వాళ్లు నవ్వుతారు. ఒకరోజు శేషాచలం గారు కూడా వచ్చారు. గోడ పట్టుకుని, వంగలేక వంగలేక, బల్ల మీద బోర్లా పడుకున్నారు.

"నాకేం లేదమ్మా, నేను ఫైన్. నీ చదువుకి పనికొస్తుందని, ఊరికే," అన్నారు.

సింధుజ చేతులు వెచ్చబెట్టుకుంది. ముట్టుకోకముందే ఆయన అమ్మా అన్నారు.

పాండురంగ మెడ ఇప్పుడు ఎడమవైపు కొద్దిగా తిరుగుతోంది. ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే అతను నిజం చెబుతాడు కనక, ఎవరూ అడగడం లేదు. ఇదంతా ఇంతసేపూ మెడ ముందుకు చాచి, వీపు గూనిగా పెట్టి చదివారు కదా, మీకెలా ఉంది? వద్దులెండి, మీరేం చెబుతారో సింధుజకు తెలుసు.