ఫిర్యాదుల్లేని వార్డు

నగరంలోని ఏడో వార్డు సంపూర్ణ నేరరహిత వార్డు అయిందని పట్టణ భద్రతా శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ప్రకటించారు. వంద రోజులుగా ఆ వార్డు పోలీసు స్టేషన్‌కు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదట. భూమ్మీద ఇలాంటిది మరెక్కడా లేదని, స్వర్గం సంగతి అధికారులు వాకబు చేస్తున్నారని మంత్రిగారు చెప్పారు. తర్వాత వార్డు మొదట్లో కొత్తగా కట్టిన సిమెంటు ఆర్చికి రిబ్బను కత్తిరించారు. వెండి కత్తెరను పళ్లెంలో పెట్టి, చప్పట్లకు నమస్కారం చేసి తిరిగి చూసేసరికి పళ్లెంలో కత్తెర లేదు. ఇంకాసేపటికి పళ్లెం కూడా లేదు. దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ విధంగా నూటొకటో రోజు కూడా రికార్డు చెక్కుచెదరకుండా గడిచింది.

ఈ వార్తను పేపర్లన్నిటికీ పంపిన ఘనత టైలరమ్మ మరిదిది. ఏడో వార్డు కౌన్సిలరుగారికి ప్రచార కార్యదర్శి అతనే. చంకలో ఎప్పుడూ కాగితాల కట్ట ఉంటుంది కాబట్టి ఇంటా బయటా అందరూ అతన్ని ప్రెస్‌నోట్ అనే పిలుస్తారు. ఇంట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోతే "గిన్నె సామర్థ్యాన్ని మించిన ఉత్పత్తి" అని రాయగల మనిషి.

ఆ పేపరు పట్టుకుని అతను మర్నాడు వదినగారింటికి వచ్చాడు. టైలరమ్మకు అప్పుడు ఇల్లు కావాలి. ఆమె ఉంటున్న భవనం పడగొడుతున్నారు. ఇరవై రోజుల్లో ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. భర్త పోయాక కుట్టుమిషను తొక్కి కూతుర్ని నర్సు చదివించింది ఆమె. పిల్లకు ఆసుపత్రిలో మధ్యాహ్నం షిఫ్టు. అది ముగించుకుని బస్సు దిగేసరికి వీధిలో దుకాణాలు మూసేసి ఉంటాయి. స్టాపు నుంచి ఇంటి తలుపు దాకా ఆ పిల్ల ఒక్కతే, వెనక్కి తిరిగి చూసుకోకుండా నడిచి రాగలగాలి. టైలరమ్మకు కావలసింది అదొక్కటే. గాలి వస్తుందా, నీళ్లు వస్తాయా అన్నవి ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు.

"ఇంకా ఆలోచనేంటి వదినా? కళ్లు మూసుకుని ఏడో వార్డుకి వచ్చేయ్. ప్రభుత్వానిదే పూచీ," అన్నాడు ప్రెస్‌నోట్.

టైలరమ్మ దారం తెంపి సూది జాకెట్టుకు గుచ్చింది. "ఏడో వార్డు ఆడవాళ్లు నా దగ్గరే కుట్టించుకుంటారు అబ్బాయ్. ఈ మూడు నెలల్లో వచ్చిన ప్రతి మనిషీ లోపలి జేబు పెట్టమంది. ఒకావిడైతే జేబుకి లోపల ఇంకో జేబు పెట్టించుకుంది."

"అది ఫ్యాషన్ వదినా."

"ఎవరికీ కనపడకుండా ఫ్యాషనేంటి?"

"నిరాడంబరత! ఆగాగు, ఇది రాసుకోవాలి," అని అతను పెన్ను తీశాడు.

"పన్నెండో వార్డు నుంచి వచ్చేవాళ్లు ఒక్కరూ అడగలేదు మరి."

ప్రెస్‌నోట్ మొహం మాడిపోయింది. "పన్నెండా? రెండు వందల పద్నాలుగు ఫిర్యాదులు! నగరం మొత్తానికి అట్టడుగు! ఆ పేరు ఇంట్లో ఎత్తకు వదినా, పిల్ల వింటుంది."

పిల్ల అప్పటికే వింటోంది. "బాబాయ్, ఫిర్యాదు చేయనంత మాత్రాన బాగున్నట్టా? మా ఆసుపత్రిలో మూడో బెడ్డు తాతగారు కూడా నెలరోజులుగా ఒక్క ఫిర్యాదు చేయలేదు. కోమాలో ఉన్నారు."

"నీకు సానుకూల దృక్పథం లేదమ్మాయ్," అన్నాడు బాబాయ్.

అయినా ఇల్లు చూడకుండా వద్దంటే బాగుండదని గురువారం టైలరమ్మ మరిదితో ఏడో వార్డుకు వెళ్లింది. అతను చూపించిన ఇంటి యజమాని చాలా మర్యాదస్థుడు. గేటు తాళం తీశాడు. గేటు వెనక ఇనుప తలుపు తాళం తీశాడు. దాని వెనక చెక్క తలుపుకు ఉన్న మూడు తాళాలూ ఒక్కొక్కటే తీశాడు. లోపలికి వెళ్లాక అన్నీ మళ్లీ వేశాడు.

"నేరాలు లేని చోట ఇన్ని తాళాలెందుకండీ?" అంది టైలరమ్మ.

"లేని నేరాల్ని కొత్తగా రానివ్వడమెందుకమ్మా?" అన్నాడాయన. "కిటికీలు మాత్రం తెరవకూడదు. అదొక్కటే షరతు."

ఇరుగుపొరుగు ఎలాంటివాళ్లో తెలుసుకుందామని టైలరమ్మ ఎదుటి వాటా తలుపు తట్టింది. లోపల ఏదో బరువైన సామాను జరిపిన చప్పుడైంది. తలుపు తెరుచుకోలేదు. ఒక ఆడగొంతు వినిపించింది. "ఎవరండీ?"

"కొత్తగా దిగుదామని వచ్చానండీ. ఇక్కడ భయమేమీ లేదు కదా?"

"ఏ భయమూ లేదండీ. దయచేసి వెళ్లిపోండి."

"విన్నావా వదినా? స్వయంగా పౌరురాలి నోటితో!" అని ప్రెస్‌నోట్ ఆ మొదటి వాక్యం రాసుకున్నాడు.

తిరిగి వస్తూ సరిగ్గా ఆర్చి కిందికి చేరుకున్నారు. వెనక నుంచి మోటారుసైకిలు ఒకటి వచ్చింది. దాని మీద ఇద్దరున్నారు. వెనక కూర్చున్నవాడు చెయ్యి చాపి టైలరమ్మ భుజాన ఉన్న సంచిని లాగేశాడు. సంచిలో టేపు, కళ్లజోడు, ఖాతాదారుల కొలతల పుస్తకం ఉన్నాయి. టైలరమ్మ కేక వేయబోయింది. ప్రెస్‌నోట్ రెండు చేతులతో ఆమె కళ్లు మూశాడు.

"చూడకు వదినా, చూడకు! చూస్తే సాక్షివైపోతావు!"

కష్టకాలంలో కూడా వార్డు పరువును ముందు తలుచుకునే కార్యకర్తలు ఈ రోజుల్లో అరుదు.

అతను వద్దంటున్నా వినకుండా టైలరమ్మ స్టేషన్‌కు నడిచింది. గుమ్మం పక్కన నల్లబల్ల మీద సుద్దముక్కతో "ఫిర్యాదు లేని రోజు: 104" అని రాసి ఉంది. స్టేషన్ ఆఫీసరుగారు ఎదురొచ్చి కుర్చీ వేయించారు.

"కూర్చోండమ్మా. మంచినీళ్లు తాగండి. ఏం జరిగిందో మాత్రం చెప్పకండి."

"చెప్పకపోతే ఎలా రాస్తారండీ?"

"రాయాల్సి వస్తుందనే కదమ్మా చెప్పొద్దంటున్నాను."

"నా సంచి లాక్కుపోయారు."

ఆఫీసరుగారు బాధగా కళ్లు మూసుకున్నారు. "లాక్కుపోయారు అనకండమ్మా. వెళ్లిపోయింది అనండి. మనసుకి తేలిగ్గా ఉంటుంది."

"ఎలా వెళ్లినా నా కొలతల పుస్తకం నాకు రావాలి. నలభై మంది ఒళ్లు కొలిచి రాసుకున్నది."

"చూడండి, ఇది అందరూ కలిసి సాధించిన రికార్డు. నిన్న ఒకాయన మోటారుసైకిలు వదులుకున్నారు. మొన్న ఒకావిడ మెడలో గొలుసు వదులుకుంది. కిక్కురుమన్నారా? మీరు ఒక్క టేపుముక్క కోసం ఇంతమంది త్యాగాన్ని మట్టిపాలు చేస్తారా?"

"పోనీ ఆ ఫిర్యాదుల పుస్తకం ఇటివ్వండి. నేనే రాసుకుంటాను."

"పుస్తకం ఎక్కడుందమ్మా? వాడకం లేదని స్టోరుకి పంపేశాం." ఆయన గొంతు తగ్గించారు. "మరీ రాయించుకోవాలనే పట్టుదలుంటే ఎదురుగా పదహారో నంబరు బస్సు ఎక్కండి. పన్నెండో వార్డులో దిగండి. వాళ్లకి రాసే అలవాటుంది."

ప్రజలకు ఇబ్బంది కలగకూడదని ఆఫీసరుగారు ఒక కానిస్టేబులును పంపి బస్సు ఆపించారు కూడా. బస్సులో అప్పటికే ఆరుగురు అదే పని మీద కూర్చుని ఉన్నారు. ఒకాయన ఒళ్లో హెల్మెట్ ఉంది.

పన్నెండో వార్డు స్టేషన్‌లో బల్ల వెనక ఒక హెడ్ కానిస్టేబులమ్మ రాస్తోంది. తల ఎత్తకుండానే, "ఏడో వార్డువాళ్లు ఆ పొడుగు బెంచీ. సొంత వార్డువాళ్లుంటే ముందుకు రండి," అంది. ముందుకు ఎవరూ రాలేదు.

టైలరమ్మ వంతు వచ్చాక సంచి రంగు, టేపు పొడవు, కళ్లజోడు నంబరు అన్నీ హెడ్ కానిస్టేబులమ్మ అడిగి రాసుకుంది. ఒక కాగితం చించి చేతికిచ్చింది.

"మీ వార్డువి ఏమీ లేవా అక్కా?" అంది టైలరమ్మ.

"ఈ నెల ఒకటుంది. ఒకాయన పక్కింటాయన సైకిలు అడక్కుండా తీసుకెళ్లాడు. సాయంత్రానికి తెచ్చిచ్చేశాడు. అయినా రాశాం."

"తెచ్చిచ్చేశాక కూడానా?"

"రాస్తే మళ్లీసారి అడిగి తీసుకెళ్తాడు. అంతే కదా." ఆమె చెయ్యి విదిలించుకుంది. "మీవన్నీ మా లెక్కలో పడి మేం అట్టడుగుకి పోయాం. మా ఆఫీసరుగారికి నెలనెలా మెమో వస్తోంది. ఇంక్రిమెంటు ఆపేశారు. ఏం చేస్తాం, వచ్చినవాళ్లని పొమ్మనలేం కదా. తర్వాత ఎవరు? హెల్మెట్టాయనా, రండి."

టైలరమ్మ వెంటనే బస్సెక్కలేదు. ఆ వీధులన్నీ కాళ్లు నొప్పి పుట్టేదాకా తిరిగింది. నేల అంతస్తు వాటాల ముందు బట్టలు ఆరేసి ఉన్నాయి. మంచి మంచి బట్టలే. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాయి. గుమ్మాల బయట చెప్పులున్నాయి. ఒక కొట్టువాడు కొట్టు తెరిచే ఉంచి భోజనానికి వెళ్లాడు. ఎవరో వచ్చి సబ్బు తీసుకుని, డబ్బులు బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా మీద తూకంరాయి పెట్టి వెళ్లారు. టైలరమ్మ అక్కడే నిలబడి ఆ తూకంరాయి వంక చాలాసేపు చూసింది.

బస్సు స్టాపుకు ఎనభై అడుగుల దూరంలో ఒక ఇంటికి టులెట్ బోర్డు కనిపించింది. అడుగులు ఆమె స్వయంగా లెక్కపెట్టింది. యజమాని రిటైరైన బస్సు కండక్టరు. పైవాటా, వెనకవాటా, మెట్ల కింద ఒక గది ఖాళీగా ఉన్నాయి.

"మా అమ్మాయి రోజూ ఆలస్యంగా వస్తుందండీ," అని సంకోచంగా చెప్పింది టైలరమ్మ.

"రానీండమ్మా. నేను భోంచేసి అరుగు మీదే కూర్చుంటాను. ముప్పయ్యేళ్లు ఆఖరి బస్సు నడిపించినవాణ్ని, నాకు ఆ వేళకి నిద్ర రాదు," అన్నాడు కండక్టరు. "ఆదివారం అడ్వాన్సు తీసుకురండి. పైవాటా మీదే."

మర్నాడు పొద్దున్నే ఇంటికి వచ్చిన ప్రెస్‌నోట్ సంగతి విని కుర్చీలో కూలబడ్డాడు.

"వదినా! నా సొంత వదినే నేరాల అడ్డాకి మకాం మారిస్తే రేపు కౌన్సిలరుగారి ముందు ఈ మొహం ఎలా పెట్టుకోను?"

"ఇప్పుడు పెట్టుకుంటున్నట్టే బాబాయ్," అంది పిల్ల.

"నువ్వు ఊరుకో. అసలేముంది వదినా అక్కడ?"

టైలరమ్మకు సంతోషం పట్టలేక అన్నీ చెప్పింది. ఆరేసిన బట్టలు, తూకంరాయి, అరుగు మీద కండక్టరు, ఎనభై అడుగులు. ప్రెస్‌నోట్ మధ్యలో తిట్టడం మానేసి శ్రద్ధగా వినసాగాడు.

"మొత్తం ఎన్ని వాటాలు?" అన్నాడు.

"మెట్ల కింద గదితో కలిపి మూడు."

"ఏ వీధన్నావు?"

"ఎందుకూ?"

"ఊరికే. ఖండించాలంటే వివరాలుండాలి కదా," అని చిరునామా రాసుకున్నాడు.

ఆదివారం ఉదయం టైలరమ్మ అడ్వాన్సు రుమాలులో కట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. ఇంటి ముందు లారీ ఉంది. నలుగురు మనుషులు సోఫా దింపుతున్నారు. అరుగు మీద కండక్టరు తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"పైవాటా..." అంది టైలరమ్మ.

"ఏడో వార్డు కౌన్సిలరుగారు తీసుకున్నారమ్మా. నిన్న పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. ఇద్దరు ఆడపిల్లలట. అక్కడ కాలు బయటపెట్టాలంటే వణికిపోతున్నారట. కాదనలేకపోయాను."

పైనుంచి కౌన్సిలరుగారి గొంతు వినబడింది. "కండక్టరుగారూ! ఇక్కడ స్టేషన్‌కి వెళ్తే ఖాయంగా కేసు రాస్తారు కదండీ?"

"రాస్తారండీ," అన్నాడు కండక్టరు.

"హమ్మయ్య!" అన్నారు కౌన్సిలరుగారు.

టైలరమ్మ రుమాలు ముడి బిగించుకుంది. "పోనీ, వెనకవాటా అయినా ఇప్పించండి."

"అది ఏడో వార్డు స్టేషన్ ఆఫీసరుగారమ్మా. సామాను నిన్న సాయంత్రమే దించేశారు."

"మెట్ల కింద గదైనా పరవాలేదండీ. ఇద్దరమే. మిషను పట్టే చోటుంటే చాలు."

కండక్టరు అరుగు మీంచి లేచాడు. లారీ వెనక్కి చూశాడు. అక్కడ నెత్తి మీద పరుపుతో ప్రెస్‌నోట్ నిలబడి ఉన్నాడు. వదినను చూసి పరుపు దించాడు. మొహం తుడుచుకున్నాడు.

"మా పిల్లలు చిన్నవాళ్లు కదా వదినా," అన్నాడు.

పిల్ల ఏదో అనబోయింది. టైలరమ్మ దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ప్రెస్‌నోట్ దగ్గరకొచ్చాడు. చుట్టూ చూసి, సొంత మనిషికి మాత్రమే చెప్పే మంచి మాట ఒకటి చెవిలో చెప్పాడు.

"నువ్వేం బెంగపెట్టుకోకు. ఏడో వార్డులో ఇప్పుడు ఒకేసారి మూడు ఇళ్లు ఖాళీ అయ్యాయి. ముందు నీకే చెబుతున్నాను, ఏది కావాలో చూసుకో."