రెండు బస్సులు, ఒకటే నీలం

ఇంట్లో అందరూ గడుగ్గాయి అని పిలిచే ఆ అమ్మాయి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. హోటల్లో దిగిన ఫుట్‌బాల్ జట్టును బస్సెక్కించాలి, తను స్కూటీ మీద స్టేడియానికి వెళ్లాలి, మేనేజరుగారి చేత శభాష్ అనిపించుకోవాలి. కాలేజీలో ఆమె చదువు స్పోర్ట్స్ మేనేజ్‌మెంటు. చివరి ఏడాది శిక్షణ కోసం ఈ క్లబ్బులో కొత్తగా చేరింది. మెప్పిస్తే ఇక్కడే ఉద్యోగం, లేదంటే నాన్న ఎంచిపెట్టిన బ్యాంకు పరీక్షల కోచింగు.

"ఆటలకి కాలేజీ చదువేమిటే," అన్నాడు నాన్న గడ్డం గీసుకుంటూ.

"ఆడటం కాదు నాన్నా, ఆడించడం."

"దానికి డిగ్రీ ఎందుకు? మీ అమ్మ ఏ కాలేజీలో చదివిందని నన్ను ఇన్నేళ్లుగా ఆడిస్తోంది?"

వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది. నాన్న మళ్లీ గడ్డం మీద దృష్టి పెట్టాడు.

హోటల్ ముందు తెల్ల బస్సు ఆగి ఉంది. ఆటగాళ్లను ఆమె అంతవరకూ చూడలేదు. నీలం ట్రాక్‌సూట్లలో ఉంటారని మాత్రం చెప్పి, కోచ్ ముందే వెళ్లిపోయాడు. కాసేపటికి నీలం ట్రాక్‌సూట్లు చెవుల్లో పాటలు పెట్టుకుని, కళ్లు ఫోన్లకు అప్పగించి మెట్లు దిగి వచ్చాయి. గడుగ్గాయి కోడిపిల్లల్ని గంప కిందికి తోలినట్టు అందర్నీ బస్సులోకి తోలింది.

"నీలం డ్రెస్సులేగా అమ్మా, నాకూ అదే చెప్పారు," అన్నాడు డ్రైవరు. "అక్కడ మెట్లున్నాయి. ఎక్కగలరా?"

"పరిగెత్తుతూ ఎక్కుతారండీ."

"షుగరు గట్రా ఉందా?"

"కోచ్‌గారు ఎప్పుడో మానిపించేశారు."

డ్రైవరు అద్దంలో వాళ్ల ముఖాలు చూసి నిట్టూర్చాడు. "ఈ రోజుల్లో మరీ చిన్న వయసులోనే వచ్చేస్తోందమ్మా."

ఆయన అన్నది చూపు మందగించడం గురించి. ఆమె పేరుప్రఖ్యాతుల గురించి అనుకుంది. "కష్టపడితే ఎవరికైనా వస్తుందండీ," అంది గర్వంగా. డ్రైవరు ఆమెను అదోలా చూసి బస్సు కదిలించాడు.

గడుగ్గాయి స్టేడియం గేటు దగ్గర ఎదురుచూస్తుండగా క్లబ్బు బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకోగానే ముందు ఒక చేతికర్ర దిగింది. దాని వెనక నీలం ట్రాక్‌సూట్లో ఒక తాతగారు, ఆయన వెనక మరికొందరు తాతలు.

"అమ్మాయీ, కళ్ల డాక్టరుగారు ఎక్కడ?" అన్నాడాయన.

రెండు మాటలు అడిగేసరికి గడుగ్గాయికి సంగతి తెలిసింది. వీళ్లు రిటైరైనవాళ్ల వాకింగ్ క్లబ్బు. ఉచిత కంటి పరీక్షకు తీసుకెళ్తామని ఆసుపత్రివాళ్లు అదే హోటల్ దగ్గరికి రమ్మన్నారు. తను జట్టును ఎక్కించింది ఆసుపత్రి బస్సు. ఆలస్యంగా వచ్చిన క్లబ్బు బస్సు, మిగిలిన నీలాన్ని ఎక్కించుకు వచ్చింది.

వెంటనే జట్టు కెప్టెన్‌కు ఫోన్ చేసింది.

"ఇక్కడ వరసగా కూర్చోబెట్టి అక్షరాలు చదివిస్తున్నారు మేడం. క్లబ్బు తరఫున మెడికల్ అనుకున్నాం. ఇప్పుడు నర్సు కళ్లల్లో చుక్కలు వేస్తానంటోంది. వేస్తే సాయంత్రం దాకా అంతా మసకేనట."

"ఒక్క చుక్క పడనివ్వద్దు. కళ్లు గట్టిగా మూసుకుని బయటికి పరిగెత్తండి."

"కళ్లు మూసుకుని ఎలా పరిగెత్తుతామండీ?"

"ఆట మీది, కిటుకు నన్నడుగుతారేం?"

గ్యాలరీల్లో జనం అప్పటికే ఈలలు మొదలుపెట్టారు. మేనేజరు ముఖం కందగడ్డలా అయింది. ఏం చేయాలో తోచక ఆమె తాతగారి చేతులు పట్టుకుంది.

"తాతగారూ, మావాళ్లు వచ్చేదాకా మీరంతా గ్రౌండు చుట్టూ కాస్త నడుస్తారా?"

"పొద్దున్నే నడిచేశాం కదమ్మా."

"ఇక్కడ గడ్డి మెత్తగా ఉంటుందండీ."

ఆ మాట పనిచేసింది. తాతలు నడక మొదలుపెట్టారు. విసిగిపోయి ఉన్న జనం ఊసుపోక చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినగానే తాతల ఛాతీలు ముందుకొచ్చాయి, చేతికర్ర చంకలోకి పోయింది. ఆసుపత్రి బస్సు జట్టును తెచ్చి దించేసరికి, వాళ్లను గ్రౌండులోంచి బయటికి రప్పించడమే గండమైంది. రిఫరీ ఈల వేస్తే, "ఇంకొక్క రౌండు బాబూ," అన్నారు.

ఎలాగో ఆట మొదలైంది. గోల్‌కీపరు ముక్కు మీద అక్షరాలు చదవలేకపోయాడని ఆసుపత్రివాళ్లు అక్కడికక్కడే ఇచ్చిన లావుపాటి ప్లాస్టిక్ కళ్లజోడు, వెనక బూటు లేసుతో కట్టి ఉంది. సీజనంతా పక్కనుంచి పోయే బంతుల్ని గాలిగా భావించిన ఆ మనిషి, ఆ రోజు వచ్చిన బంతినల్లా చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకున్నాడు. జట్టు ఒక్క గోలుతో గెలిచింది.

మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. బ్యాంకు కోచింగు కళ్లముందు కదులుతుండగా ఆమె లోపలికి వెళ్లింది.

"మన గోల్‌కీపరుకి కంటి పరీక్ష చేయించాలని నీకెలా తట్టిందమ్మా? మేం ఇన్నాళ్లూ తిట్టామే తప్ప ఆ ఆలోచనే రాలేదు."

"నాకేం తట్టలేదు సార్. పొరపాటున బస్సులు మారిపోయాయి."

"ఈ వినయమే నాకు నచ్చింది," అన్నాడు మేనేజరు. "పరీక్షలు కాగానే వచ్చి ఉద్యోగంలో చేరు."

ఆమె మరో రెండుసార్లు నిజం చెప్పబోయింది. వినయం మరింత పెరిగిందే తప్ప లాభం లేకపోయింది.

గోల్‌కీపరు మాత్రం, తన ముందు ఆడే డిఫెండర్లను మొదటిసారి స్పష్టంగా చూసిన మీదట, మర్నాడే వేరే క్లబ్బు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.